ఫ్లిప్ కీ జాయింట్ దగ్గర విరిగిపోయింది, అతికించాలా, షెల్ మార్చాలా?

పాతకారు:
అందరికీ నమస్కారం. నా కారు తాళం విరిగింది. బటన్ నొక్కితే బ్లేడు టప్పున బయటికొచ్చే ఫ్లిప్ కీ. కొన్ని నెలలుగా జాయింట్ దగ్గర ఊగుతూనే ఉంది, ఇంకా కొన్నాళ్లు నడుస్తుందిలే అనుకుని వదిలేశాను. నిన్న సాయంత్రం ఇగ్నిషన్‌లో పెట్టి తిప్పుతుంటే పటుక్కుమంది, చూస్తే బ్లేడు తాళం రంధ్రంలోనే ఉండిపోయింది, రిమోట్ డబ్బా నా చేతిలో ఉంది, స్ప్రింగ్ ఎగిరి సీటు పట్టాల మధ్య పడింది. అరగంట టార్చి వేసి వెతికితే దొరికింది.

రిమోట్ బాగానే పనిచేస్తోంది, తలుపులు లాక్ అవుతున్నాయి. వింత ఏంటంటే, బ్లేడు ఒక్కటే తిప్పితే ఇంజిన్ స్టార్టయి రెండు సెకన్లలో ఆగిపోతోంది. రిమోట్ డబ్బా తెచ్చి ఇగ్నిషన్ పక్కన ఆనించి పట్టుకుంటే మాత్రం ఆగట్లేదు. ప్రస్తుతానికి రెండు ముక్కలకీ రబ్బరు బ్యాండు చుట్టి నడుపుతున్నాను. సూపర్ గ్లూ పెట్టి అతికించేద్దామా, లేక ఖాళీ షెల్, అంటే పై ప్లాస్టిక్ డబ్బా, తెప్పించి లోపలి సామాను అందులోకి మార్చాలా? ఇంట్లోనే చేయాలని ఉంది. ఇంకో తాళం ఉంది, రిమోట్ లేనిది.

టంకంపని:
ముందు ఒకటి, సూపర్ గ్లూ జోలికి వెళ్లకండి. అది నీళ్లలా పారుతుంది, పగులులో ఆగదు, జాయింట్ లోపలికి దిగి స్ప్రింగునీ బటన్‌నీ కలిపి బిగించేస్తుంది. పైగా ఆరేటప్పుడు వచ్చే ఆవిరి బోర్డు మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది.

ఇంజిన్ ఆగిపోవడం వింతేం కాదండీ, అది ఇమ్మొబిలైజర్ పని, అంటే తనకి తెలిసిన తాళం కాకపోతే ఇంజిన్‌ని నడవనివ్వని దొంగతనం అడ్డు. ఇగ్నిషన్ రంధ్రం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే అది సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది, తాళంలోని చిన్న చిప్పు ఆ క్షేత్రం నుంచే కరెంటు తీసుకుని తన గుర్తింపు చెబుతుంది. దానికి బ్యాటరీతో పనిలేదు. రిమోట్ బ్యాటరీ పూర్తిగా అయిపోయినా కారు స్టార్టయ్యేది అందుకే. కొన్ని కార్లు చిప్పు కనబడకపోతే అసలు తిరగవు, మీదానిలాంటివి స్టార్టయి ఆగుతాయి. మీ చిప్పు రిమోట్ డబ్బాలో ఉందని మీరే పరీక్ష చేసి తేల్చేశారు. షెల్ మార్చండి, కానీ ఆ చిప్పు ఎక్కడుందో కంటితో చూశాకే పాతది పక్కన పెట్టండి.

నీలిమేఘం:
టంకంపని గారు చివర్లో అన్న మాట దయచేసి రెండుసార్లు చదవండి. నాకు జరిగింది చెబుతాను. పోయినేడాది నేనూ షెల్ మార్చాను. వీడియో చూసి బోర్డు తీశాను, బ్యాటరీ తీశాను, బ్లేడు తీశాను, అన్నీ కొత్తదాంట్లో చక్కగా కూర్చున్నాయి, రిమోట్ నొక్కితే తలుపులు తెరుచుకున్నాయి. సంతోషంగా పాత షెల్ చెత్తబుట్టలో పడేశాను. మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరితే కారు స్టార్టయి ఆగిపోతోంది, డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ దీపం టకటకా కొట్టుకుంటోంది. బ్యాటరీ అనుకున్నాను, పెట్రోలు అనుకున్నాను. గంట గడిచాక తట్టింది.

చెత్త సంచి ఇంకా బయటే ఉంది, అదే నా అదృష్టం. మొత్తం కాగితాల మీద కుమ్మరించి షెల్ దొరకబుచ్చుకున్నాను. లోపలి గోడలో, సరిగ్గా తాళాల గుత్తి రింగు పెట్టే మూలకి ఆనుకుని, చిన్న నల్లటి పలక. షెల్ ప్లాస్టిక్ కూడా నల్లదే కాబట్టి అదేదో షెల్‌లో భాగమే అనుకుంటాం. గోరుతో గీస్తే అంచు తగిలింది. సూదితో నెమ్మదిగా లేపితే ఊడివచ్చింది, సెంటీమీటరు పైచిలుకు పొడవు, అందులో సగం వెడల్పు, ఒక అంచు ఏటవాలుగా ఉంది. అంతే. కారంతా దాని మీద ఆధారపడి ఉంది, నేనేమో దాన్ని చెత్తలో వేశాను. ఆ రోజు చేతులు వణికాయంటే నమ్మండి.

పాతకారు:
చాలా థాంక్స్ ఇద్దరికీ. ఇప్పుడే విప్పి ఫోటోలు పెట్టాను, బ్లేడు, రెండు డబ్బా ముక్కలు, బోర్డు రెండు వైపులా. చిప్పు ఏదో కాస్త గుర్తుపట్టి చెప్పండి.

గేర్‌బాక్స్:
అన్నా, బ్లేడు కనబడే ఫోటో వెంటనే తీసేయండి. గాట్ల లోతులు స్పష్టంగా కనిపిస్తే ఫోటో చూసి అదే తాళం కోయించుకోవచ్చు. చిప్పు లేకుండా ఇంజిన్ నడవకపోయినా తలుపు తెరుచుకుంటుంది. బోర్డు ఫోటో చాలు మాకు.

పాతకారు:
తీసేశాను. ఇది నాకు అస్సలు తట్టలేదు, థాంక్స్ తమ్ముడూ.

టంకంపని:
బోర్డు ఫోటో చూశాను. మీ బోర్డు మీద ఇమ్మొబిలైజర్ చిప్పు లేదు, దానికి కావాల్సిన తీగచుట్ట కూడా లేదు. అంటే విడి చిప్పే. రెండో ఫోటోలో బ్యాటరీ గూడు వెనక చిన్న అర కనిపిస్తోంది చూడండి, మధ్యలో ఏదో నల్లగా నిండి ఉంది, అదే అయ్యుండాలి.

తర్వాత చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. చిప్పు మూడు రకాలుగా దొరుకుతుంది. నీలిమేఘం గారికి దొరికినట్టు నల్లటి పలక ఒకటి. సన్నటి గాజు గొట్టం ఇంకొకటి, లోపల రాగి తీగ చుట్ట కనబడుతుంది, ఇది కింద పడితే పగులుతుంది. మూడోది బోర్డులోనే కలిసిపోయి ఉంటుంది, రిమోటూ ఇమ్మొబిలైజరూ ఒకే ఐసీలో, అంటే బోర్డు మీది నల్లటి చిప్పులో, పక్కనే ఫెరైట్ అనే అయస్కాంత పదార్థం ముక్క మీద చుట్టిన చిన్న కాయిల్. ఈ మూడో రకంలో విడి చిప్పు కోసం వెతకక్కర్లేదు కానీ బోర్డు లేపేటప్పుడు ఆ కాయిల్ కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకూడదు. వెంట్రుక కంటే సన్నటి తీగ అది, తెగితే తిరిగి అతకడం చాలా కష్టం. నా దగ్గరికి అలా తెగి వచ్చిన తాళాలు రెండు చూశాను, రెండూ ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో విప్పినవే.

పాతరెంచి:
షెల్ తప్పనిసరేం కాదు, నేను ఒప్పుకోను. నా ఫ్లిప్ కీ కూడా జాయింట్ దగ్గరే విరిగింది. రెండు ట్యూబులు కలిపి రాసే ఎపాక్సీతో అతికించాను, రెండేళ్లుగా నడుస్తోంది. సూపర్ గ్లూ వద్దన్నది నిజమే, అది పెళుసు. ఎపాక్సీ వేరు. విరిగిన అంచులు రెండూ సాండ్ పేపర్‌తో గరుకు చేయాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు తీయాలి, పగులుకి అడ్డంగా సన్నటి స్టీలు తీగ ముక్క పెట్టి దాని మీద ఎపాక్సీ వేయాలి. ఒక రాత్రంతా కదపకూడదు.

టంకంపని:
రెంచి గారూ, మీ పద్ధతి బాగుంది, తీగ పెట్టడం మంచి ఆలోచన. కానీ మీరు ఇప్పుడు బ్లేడు మడుస్తున్నారా?

పాతరెంచి:
లేదు, తెరిచిన స్థితిలోనే బిగించేశాను. మామూలు తాళంలా వాడుతున్నాను.

టంకంపని:
అదే కదా విషయం. కదలకుండా ఉంటే ఎపాక్సీ నిలబడుతుంది. నొక్కిన ప్రతిసారీ స్ప్రింగ్ బలం, తిప్పిన ప్రతిసారీ మెలితిప్పే బలం ఆ పగులు మీదే పడితే నిలబడదు. జాయింట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గోడ చాలా పలచన, అతికే చోటు తక్కువ. కొన్ని షెల్స్ నైలాన్ రకం ప్లాస్టిక్‌తో చేస్తారు, దానికి ఏ గమ్ము పెట్టినా పైపైనే పడుతుంది. మడత అక్కర్లేదనుకునేవాళ్లకి రెంచి గారి దారి సరిపోతుంది. మడత కావాలంటే షెల్ మార్చాల్సిందే.

పాతకారు:
నాకు మడత కావాలి, జేబులో గుచ్చుకుంటుంది. షెల్ ఎలా ఎంచుకోవాలి? ఆన్‌లైన్‌లో ఒకే కారు పేరుతో అయిదారు రకాలు కనిపిస్తున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి.

గేర్‌బాక్స్:
కారు పేరు చూసి కొనకండి, మీ ముక్కలు చూసి కొనండి. బటన్లు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయి, బ్యాటరీ బోర్డుకి ఏ వైపు కూర్చుంటుంది, బోర్డు అంచుల్లో గుంటలు ఎక్కడ ఉన్నాయి, ఇవన్నీ షెల్ లోపలి ఫోటోతో పోల్చుకోవాలి. బయటి ఫోటో మాత్రమే పెట్టిన చోట కొనొద్దు. అన్నిటికంటే ముఖ్యం బ్లేడు మొదలు, అంటే జాయింట్‌లోకి దూరే భాగం. అక్కడి వెడల్పు, బ్లేడుని బిగించే పిన్ను రంధ్రం ఉన్న చోటు కొత్తదాంతో సరిపోకపోతే పాత బ్లేడు ఎక్కదు. అప్పుడు షెల్‌తో వచ్చే కోయని బ్లేడుని పాతదాని ప్రకారం కోయించుకోవాలి. కోయించేటప్పుడు, అరిగిన బ్లేడు నకలు కూడా అరిగినట్టే వస్తుందని గుర్తుంచుకోండి, రెండో తాళం తక్కువ వాడినదైతే దాన్ని చూపించి కోయించండి.

వానజల్లు:
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. నా తాళం విరగలేదు కానీ అన్‌లాక్ బటన్ నాలుగైదుసార్లు గట్టిగా నొక్కితే గానీ పనిచేయట్లేదు. లాక్ బటన్ మాత్రం ఒక్కసారికే పనిచేస్తుంది. బ్యాటరీ మార్చాను, ఏం మార్పు లేదు.

టంకంపని:
ఒక బటన్ బాగుండి ఇంకోటి లేదంటే బ్యాటరీ కాదండీ, ఆ స్విచ్చే. అన్‌లాక్ ఎక్కువ నొక్కుతాం కాబట్టి అదే ముందు పోతుంది. షెల్ విప్పి రబ్బరు ప్యాడ్ తీసేసి, బోర్డు మీద స్విచ్చుని అగ్గిపుల్లతో నేరుగా నొక్కి చూడండి. ఒక్కసారికే పనిచేస్తే తప్పు రబ్బరుది, లోపలి బొడిపె అరిగింది. అప్పటికీ పనిచేయకపోతే బ్యాటరీ తీసేసి మల్టీమీటర్ కంటిన్యుటీలో, అంటే దారి కలిస్తే బీప్ కొట్టే సెట్టింగులో, పెట్టి స్విచ్ రెండు కాళ్లకీ ముళ్లు ఆనించి నొక్కండి. బీప్ రాకపోతే స్విచ్ పోయింది. వస్తూ పోతూ ఉంటే భూతద్దంతో కాళ్ల దగ్గర సోల్డర్ చూడండి, చుట్టూ వెంట్రుకలాంటి గీత కనిపిస్తే టంకం చిట్లింది. కొంచెం ఫ్లక్స్, అంటే టంకం బాగా పట్టేలా చేసే పేస్టు, రాసి, 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్ మొన రెండు మూడు సెకన్లు ఆనిస్తే చాలు, ఎక్కువసేపు పెడితే బోర్డు మీది రాగి పొర లేచిపోతుంది. స్విచ్ మార్చాల్సొస్తే కొనే ముందు పొడవు, వెడల్పుతో పాటు ఎత్తు కూడా కొలవండి, ఎత్తు అర మిల్లీమీటరు తేడా వచ్చినా బటన్ సరిగ్గా తగలదు.

వానజల్లు:
అగ్గిపుల్లతో ఒక్కసారికే పనిచేసింది! రబ్బరే తప్పు. మొత్తం షెల్ కొనాలా?

నీలిమేఘం:
అక్కర్లేదు, రబ్బరు ప్యాడ్ విడిగా దొరుకుతుంది. అది వచ్చేదాకా బొడిపె చివర ఒక పలచటి ప్లాస్టిక్ ముక్క, స్విచ్ తల అంత సైజులో కత్తిరించి అతికించండి. నేను అలాగే నెట్టుకొచ్చాను.

పాతకారు:
షెల్ వచ్చింది. బ్లేడు మొదలు సరిగ్గా అదే, కోయించక్కర్లేదు. చిప్పు అరలోనే ఉంది, పైన కొంచెం గమ్ము ఉంది, హెయిర్ డ్రయర్ గోరువెచ్చగా పెట్టి సూదితో తీశాను, భద్రంగా చిన్న డబ్బాలో పెట్టాను. ఇప్పుడు బ్లేడు దగ్గర ఆగిపోయాను. పిన్ను రావట్లేదు. గుండుసూది కంటే కాస్త లావుగా ఉంది, తల లేదు, రెండు వైపులా సమంగా ఉంది. మేకు పెట్టి సుత్తితో కొడితే మేకు జారి బ్లేడు మీద గీత పడింది.

పాతరెంచి:
మేకు వద్దు, దాని మొన ఏటవాలుగా ఉంటుంది, పిన్ను మధ్యలో దిగి దాన్ని ఇంకా వెడల్పు చేస్తుంది. అది రోల్ పిన్, స్ప్రింగ్ స్టీలు రేకుని గొట్టంలా చుట్టింది, రంధ్రంలో తనంతట తాను బిగిసి ఉంటుంది. దాని కంటే రవ్వంత సన్నగా, చివర చదునుగా ఉండే పంచ్ కావాలి. విరిగిన డ్రిల్ బిట్ వెనక చివర వాడొచ్చు, కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని, అది పెళుసు. అసలు రహస్యం పంచ్‌లో లేదు, కింద ఆనడంలో ఉంది. గట్టి చెక్కముక్కలో పిన్ను పడేంత రంధ్రం చేసి, బ్లేడు మొదలు దాని మీద పూర్తిగా ఆనేలా పెట్టండి. కింద గాలి ఉంటే దెబ్బ బలమంతా ఊగడంలోనే పోతుంది. చిన్న సుత్తి, పొట్టి దెబ్బలు. సగం దిగాక పట్టకారుతో అవతలి వైపు నుంచి లాగేయొచ్చు. కొత్తది ఎక్కించడానికి సుత్తి కంటే వైస్ మంచిది, దవడలు దగ్గర చేస్తుంటే పిన్ను నిటారుగా దిగుతుంది.

పాతకారు:
వచ్చేసింది! చెక్క మీద పెట్టి కొడితే మూడో దెబ్బకే కదిలింది. కొత్త పిన్ను వైస్‌తో ఎక్కించాను. కానీ ఇప్పుడు బటన్ నొక్కితే బ్లేడు సగం వచ్చి ఆగిపోతోంది, మిగతా సగం చేత్తో లాగాల్సి వస్తోంది. స్ప్రింగ్ పోయిందా?

గేర్‌బాక్స్:
స్ప్రింగ్ పోలేదన్నా, చుట్టు చాల్లేదు. మీరు దాన్ని ఊరికే గూట్లో పెట్టి మూసేసి ఉంటారు. మూసే ముందే దాన్ని మెలితిప్పి ఉంచాలి. ఒకసారి ఇలా చేయండి. స్ప్రింగ్ ఒక కొస బటన్ లోపలి గాడిలో, రెండో కొస బ్లేడు పట్టే గూటి గాడిలో పడేలా పెట్టండి. బ్లేడు తెరిచిన స్థితిలో ఉంచి, బటన్‌ని బొటనవేలితో అదిమి పట్టుకుని, స్ప్రింగ్ బిగుసుకునే వైపుకి ఒక పూర్తి చుట్టు తిప్పండి. తప్పు వైపు తిప్పితే స్ప్రింగ్ విప్పారి బటన్ పైకి తన్నుతుంది, వెంటనే తెలిసిపోతుంది. చుట్టు పూర్తయ్యాక బటన్ పళ్లు గాడిలో కూర్చునేలా కిందికి నొక్కి, వదలకుండా, అలాగే పట్టుకుని షెల్ రెండో సగం మూయాలి. ఈ మూసే క్షణంలోనే చాలామందికి జారిపోతుంది. పారదర్శకంగా ఉండే పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేయండి, స్ప్రింగ్ ఎగిరినా సంచిలోనే పడుతుంది. రెండు చుట్లు వద్దు, బ్లేడు మరీ జోరుగా కొట్టుకుని జాయింట్ మళ్లీ అక్కడే పగులుతుంది.

పాతకారు:
నాలుగోసారికి కుదిరింది. మూడుసార్లు సంచిలోనే పడింది, ఆ సలహాకి చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇప్పుడు బ్లేడు టప్పున పూర్తిగా వస్తోంది. చిప్పు దాని అరలో పెట్టి పైన ఒక చుక్క సిలికాన్ వేశాను, కారు స్టార్టయింది, పది నిమిషాలు నడిచింది, ఆగలేదు.

అయితే రిమోట్ పనిచేయట్లేదు. విప్పి బోర్డు చేత్తో పట్టుకుని నొక్కితే పనిచేస్తుంది, షెల్ మూయగానే చచ్చిపోతుంది. మళ్లీ టెన్షన్ మొదలైంది.

టంకంపని:
విడిగా పనిచేస్తోంది కాబట్టి బోర్డుకి ఏం కాలేదు, ధైర్యంగా ఉండండి. రెండే అనుమానాలు. ఒకటి బ్యాటరీ. మీది ఏ నంబరు? సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 అయితే మందం 2.5, 2016 అయితే 1.6. అన్నీ మూడు వోల్టులే కాబట్టి ఏదైనా ఒకటే అనుకుని పలచటిది వేస్తే రేకుకి సరిగ్గా తగలదు. రెండోది, కొత్త షెల్స్‌లో చాలా ఎక్కువ చూసే సంగతి, రబ్బరు బొడిపె పొడవుగా ఉండి మూయగానే ఒక స్విచ్చుని నొక్కిపట్టేస్తుంది. ఒక బటన్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే కాబట్టి రిమోట్ మిగతావాటిని పట్టించుకోదు. అలాగే వదిలేస్తే బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. మూసేటప్పుడు చిన్న క్లిక్ వినిపిస్తోందా?

పాతకారు:
బ్యాటరీ 2032నే. ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుని మూసి చూశాను. అవును, క్లిక్ వస్తోంది! మూడో బటన్ దగ్గర, డిక్కీ తెరిచేది.

టంకంపని:
దొరికింది. ఆ బొడిపె చివర కొత్త షేవింగ్ బ్లేడుతో కాగితమంత మందం కోయండి, మూసి వినండి, ఇంకా క్లిక్ వస్తే ఇంకో పొర. ఒకేసారి ఎక్కువ కోస్తే తిరిగి పెట్టలేం.

నీలిమేఘం:
బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. బల్ల మీద పాత బిళ్ల బ్యాటరీ వదిలేయకండి. చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోయే ప్రమాదం ఉంది, వాడేసిన బ్యాటరీ అయినా సరే. మింగారని అనుమానం వస్తే చాలు, ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. తీసిన వెంటనే రెండు వైపులా టేపు అంటించి ఎత్తున పెట్టండి.

వానజల్లు:
ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, నా బ్యాటరీ ఇప్పటిదాకా బల్ల మీదే ఉంది. ఇప్పుడే తీశాను. థాంక్స్ అక్కా.

పాతకారు:
రెండు పొరలు కోశాను. క్లిక్ పోయింది, మూడు బటన్లూ పనిచేస్తున్నాయి. కానీ దగ్గరికెళ్లి నొక్కితేనే తెరుచుకుంటోంది, పాతదాంతో వీధి చివర నుంచే వచ్చేది. అన్నిసార్లు నొక్కి పరీక్షించడం వల్ల కోడ్ తప్పిందేమోనని భయం.

గేర్‌బాక్స్:
కోడ్ తప్పితే దగ్గరగా కూడా పనిచేయదన్నా. నొక్కిన ప్రతిసారీ రిమోట్‌లో అంకె ముందుకు జరుగుతుంది, కారు కూడా దాన్ని లెక్కపెట్టుకుంటుంది, కారుకి వినబడని చోట వందలసార్లు నొక్కితే తప్పొచ్చు, అప్పుడు తాళం పెట్టి తిప్పి మళ్లీ కలపాల్సి ఉంటుంది, కారు పుస్తకంలో ఉంటుంది ఆ పద్ధతి. మీది దూరం తగ్గడం మాత్రమే. బ్యాటరీ రేకులు ఆల్కహాల్‌తో తుడిచి, ప్లస్ వైపు రేకుని రవ్వంత పైకి వంచి చూడండి. ఆ బ్యాటరీ ఇన్నాళ్లూ బటన్ నొక్కుకుపోయి ఉండటంతో అలిసిపోయి ఉంటుంది కూడా. మీటర్ పెట్టి, బటన్ నొక్కుతూ కొలవండి, ఊరికే కొలిస్తే చచ్చే బ్యాటరీ కూడా మూడు వోల్టుల దగ్గరే చూపిస్తుంది.

పాతకారు:
ఊరికే కొలిస్తే 2.96. బటన్ నొక్కగానే 2.3కి పడిపోయింది! కొత్తది వేశాను, రేకు వంచాను. ఇప్పుడు వీధి చివర నుంచి తెరుచుకుంటోంది. పాత షెల్ ముక్కలు పారేయబోయి ఆగాను. ఇంకేమైనా మిగిలిందా అందులో?

నీలిమేఘం:
చిప్పు అరలో వేలు పెట్టి తడిమి చూడండి, ఖాళీగా ఉందా?

పాతకారు:
ఖాళీ. గమ్ము మరక తప్ప ఏం లేదు.

నీలిమేఘం:
అయితే పారేయండి.